స్పీకరు ఆపితే సగం పని అయినట్టే

ప్రశ్న: రంభలో మా అన్నదమ్ములం చిలిక సరస్సు మీద టూరిస్టు బోటు నడుపుతాం. కెనడాలో బీసీ ఫెర్రీస్ అనే కంపెనీ పర్యావరణం, సంస్కృతి అంటూ తమ ఓడల్లో చాలా చేస్తోందని మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. మాకున్నది ఒక్క డీజిల్ బోటు. మేమేం చెయ్యగలం?
– ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: ముందు వాళ్లేం చేశారో చూద్దాం. 2017లో వాళ్లు తెచ్చిన సాలిష్ ఓడలు డీజిల్‌తో పాటు ద్రవ సహజవాయువుతో కూడా నడుస్తాయి. ఈ గ్యాసు సంగతి నాకంతగా నచ్చలేదు, ఎందుకంటే అందులోంచి కాలకుండా బయటికి పోయే మీథేన్ కూడా భూమిని వేడెక్కిస్తుంది. నచ్చింది ఇంకోటి. ఆ ఓడల మీది బొమ్మలు అదే తీరంలో తరతరాలుగా బతుకుతున్న సాలిష్ జాతుల కళాకారులు వేసినవి.

సోలార్ అంటారా, కేరళలో వైక్కం దగ్గర 75 మంది పట్టే 'ఆదిత్య' అనే సోలార్ బోటు 2017 నుంచి తిరుగుతోంది, కానీ అది ప్రభుత్వ శాఖ పెట్టుబడి. దాన్ని చూసి అప్పు చేసి టెన్షన్ పడకండి.

మీ చేతిలో ఉన్నది చప్పుడు తగ్గించడం. చిలికలోని ఇరావడీ డాల్ఫిన్లు శబ్దంతోనే దారీ తిండీ వెతుక్కుంటాయి, ఊపిరి కోసం పైకి రాక తప్పదు, అప్పుడే ఇంజను ఫ్యాను తగిలి గాయపడతాయి. అవి కనబడితే టూరిస్టులు ఎంత బతిమాలినా వెంటపడకండి, దూరంగానే వేగం తగ్గించి ఆగండి. ఇక బోటు అడుగున చేరే నీళ్లున్నాయి చూడండి, కోసిన ప్లాస్టిక్ డబ్బాతో తోడి పక్కకి పోసేస్తాం కదా, పోసిన చోట రంగురంగుల తెట్టు కడుతుంది. అది ఇంజను ఆయిలే. పాతగుడ్డతో ఆయిల్ అద్ది తీసి, ఆ గుడ్డ ఒడ్డుకి తెచ్చెయ్యండి, ఖర్చేమీ లేదు.

సంస్కృతికి మాత్రం మీరు ఎవరినీ చూసి నేర్చుకోనక్కర్లేదు. సరస్సు మధ్య దీవిలో ఉన్న కాళిజాయి గుడికి తీసుకెళ్లేటప్పుడు సినిమా పాటలు ఆపి, అత్తారింటికి బయల్దేరి, పడవ తిరగబడి నీళ్లలో కలిసిపోయిన జాయి కథ మీ నోటితో చెప్పండి. శ్రీకాకుళం, విశాఖ నుంచి వచ్చేవాళ్లకి ఒడియా అంతగా రాదు, మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెప్పండి. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుంటే వాడికీ వచ్చేస్తుంది.