ఎముక తీసిన చోటు

అమ్మాయీ,

నీ కథ చదివాను. చెన్నై టీ నగర్ బట్టల కొట్టులో రోజంతా నిలబడి పనిచేసే మనిషి, ఎంతకీ అతుక్కోని కాలి ఎముక, రెండో ఆపరేషన్. వస్తువు గట్టిది. కాని ‘తుంటి నుంచి కాస్త ఎముక తీసి కాలికి పెట్టారు’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. నేను ఆగిపోయింది అక్కడే. ఆ తర్వాత పేజీలన్నీ కాలు చుట్టూనే తిరిగాయి.

ముందు ఒక దిద్దుబాటు. తీసేది తుంటి కీలు నుంచి కాదు. నడుము మీద చెయ్యి వేసుకుంటే అరచేతికి గట్టిగా తగిలే అంచు ఉంది చూడు, అక్కడి నుంచి. దాని లోపల మెత్తటి ఎముక బాగా దొరుకుతుంది, అందులో ప్రాణమున్న కణాలుంటాయి, సొంతది కాబట్టి ఒళ్లు తిప్పికొట్టదు. దీనికి బదులుగా వాడేందుకు, ఎముకను పెంచే ప్రోటీన్‌కు అమెరికాలో 2002లోనే వెన్నెముక ఆపరేషన్ల కోసం అనుమతి వచ్చినా, చాలామంది సర్జన్లు ఇప్పటికీ సొంత ఎముకనే నమ్ముతారు. కనుక నీ డాక్టరును దుర్మార్గుణ్ణి చేయకు. అతనిచేత సిగరెట్టు కూడా కాల్పించావు, ఎందుకమ్మా?

ఇక ఆ గాయం సంగతి. పొట్ట కండరాలు ఆ అంచునే పట్టుకుని ఉంటాయి. మొదటి రోజుల్లో దగ్గినా తుమ్మినా అక్కడే పోటు. చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది. కొందరికి ఆరు నెలలు దాటినా వదలదు, ఆపరేషన్ చేసిన కాలికంటే అదే ఎక్కువ బాధిస్తుంది. కొట్టులో చొక్కా లోపలికి దోపి బెల్టు పెట్టుకోవాలి కదా, ఆ బెల్టు సరిగ్గా మచ్చ మీదే ఒరుసుకుంటుంది.

వెల్లకిలా పడుకోబెట్టి కాలికి చేసేటప్పుడు సాధారణంగా ముందువైపు అంచు నుంచి తీస్తారు. తొడ బయటివైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం ఆ దగ్గర్లోనే పోతుంది. అది దెబ్బతింటే తొడ మొద్దుబారుతుంది, లేదా మండుతుంది. నీ మనిషి ప్యాంటు జేబులో ఫోను అదురుతూనే ఉంటుంది, అతనికి తెలియదు. ఇంటికి వెళ్లాక భార్య నిలదీస్తుంది. ఇది రాయి. వెన్నెముక రోగికైతే ఎక్కువగా వెనక నుంచి తీస్తారు, అప్పుడు మొద్దుబారేది పిరుదు. రెండూ కలపకు.

నెత్తురు గడ్డకట్టడం, చీము పట్టడం, అరుదుగా ఆ అంచు విరగడం, పేగు ఉబికి రావడం కూడా జరుగుతాయి. తెలిశాయి కదా అని అన్నీ ఒక్కడి నెత్తిన రుద్దకు.

చెకప్ ఘట్టం తిరగరాయి. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఎముక అతుక్కుందని సంబరపడతాడు. ఎముక తీసిన చోటు గురించి అడగడు. మనవాడు తమిళంలో రోజూ బేరాలాడేవాడే, చెప్పలేక కాదు. అంత మంచి కబురు చెప్పిన మనిషి దగ్గర ఇంకో నొప్పి ఎత్తడానికి మొహమాటం. దానికి ఒక పేజీ కేటాయించు, ఉపన్యాసం మాత్రం ఇప్పించకు.

చివర్లో కురిపించిన వాన తీసెయ్. పానగల్ పార్కు వైపు వచ్చినప్పుడు కొత్త ప్రతి తెచ్చి ఇవ్వు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు