ఇంటి దగ్గర కారు పనికి తక్కువ ధర కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్: ఏ అంకెను నమ్మాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

హనుమకొండలో ఉంటూ పాత వ్యాగనార్ పనులు సొంతంగా చేసుకోవాలనుకుంటున్న మీరు మూడు సంగతులు అడిగారు. పది వేల లోపు ఎలాంటి కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్, అంటే దెబ్బల బలంతో నట్లను విప్పే బ్యాటరీ మిషన్ తీసుకోవాలి, మూడు వేలకే వెయ్యి న్యూటన్ మీటర్ల తిప్పే బలం ఇస్తామంటున్న 128 వోల్టుల మిషన్లను నమ్మవచ్చా, కొన్న తర్వాత దాన్ని కారు డిక్కీలోనే ఉంచుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను కాజీపేటలో ఉంటాను. మా స్విఫ్ట్‌కూ మా బావగారి కారుకూ టైర్లు స్థానం మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, షాక్ అబ్జార్బర్లు మార్చడం వంటి పనులు కొన్నేళ్లుగా ఇంటి ముందరే చేసుకుంటున్నాను. మీకు కావలసింది నిజంగా 250 నుంచి 350 న్యూటన్ మీటర్ల బలం ఇచ్చే 18 లేదా 20 వోల్టుల, సాకెట్ తగిలించే మొన అర అంగుళం ఉండే హాఫ్ ఇంచ్ డ్రైవ్ మిషన్ మాత్రమేనని, అంతకన్నా పెద్ద అంకె కోసం పెట్టే డబ్బును నట్టుకు తొడిగే మంచి సాకెట్లకూ, కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్‌కూ మళ్లించడం మేలని నా అభిప్రాయం.

ముందుగా ఎంత బలం కావాలో లెక్క చూద్దాం. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వీల్ నట్లను బిగించవలసిన కొలత 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుకు కచ్చితంగా ఎంతో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే ప్రమాణంగా తీసుకోండి. కారుతో ఇచ్చే పానా పొడవు దాదాపు ఒక అడుగు ఉంటుంది కనుక, అరవై కిలోల మనిషి దాని కొస మీద పూర్తి బరువు వేస్తే పడే బలం సుమారు 175 న్యూటన్ మీటర్లు. సరిగ్గా బిగించిన నట్టు ఆ బలానికి తప్పకుండా ఊడుతుంది. మరి రోడ్డు పక్కన పానా మీద ఎక్కి తొక్కినా నట్టు కదలని సందర్భాలు ఎందుకు వస్తున్నాయంటే, చాలా టైరు షాపుల్లో కంప్రెసర్ గన్నుతో కొలత లేకుండా బిగిస్తారు, దాని మీద ఒకటి రెండు వానాకాలాల తుప్పు చేరుతుంది. అలాంటి నట్టును విప్పడానికి 200, ఒక్కోసారి అంతకు మించిన బలం కావలసి వస్తుంది. అందుకే నేను 250 అనే అంకెను కింది హద్దుగా చెబుతున్నాను. ముందు చక్రం నడిమధ్య ఉండే పెద్ద హబ్ నట్టు వంటి గట్టి పనులకు పై హద్దు వైపు ఉన్న మిషన్ ఉపయోగపడుతుంది. 12 వోల్టుల చిన్న మిషన్లు చేతికి తేలికగా ఉన్నా మొండి వీల్ నట్టు దగ్గర చాలావరకు ఆగిపోతాయి కనుక వాటిని ఈ పనికి సూచించను.

ఇప్పుడు పెట్టె మీది అంకెల సంగతి. లిథియం అయాన్ సెల్ ఒక్కొక్కటి మామూలుగా 3.6 వోల్టులు ఇస్తుంది, నిండుగా చార్జి అయినప్పుడు 4.2 వోల్టుల దాకా వెళ్తుంది. ఐదు సెల్లులను వరుసగా కలిపితే 18 వోల్టులు, నిండుగా ఉన్నప్పుడు 21 వోల్టులు వస్తాయి. కాబట్టి 18 అని రాసినా, 20 అని రాసినా, 21 అని రాసినా లోపల ఉన్నది అవే ఐదు సెల్లుల వరుస. 48, 88, 128 అని రాసి అమ్మే చవక మిషన్లలోనూ దాదాపు ఎప్పుడూ ఇదే ఉంటుంది. ఆ అంకె మోడల్ పేరులో భాగమే తప్ప విద్యుత్తు కొలత కాదు. నిజంగా 128 వోల్టులు రావాలంటే ముప్పైకి పైగా సెల్లులను వరుసగా కలపాలి, అప్పుడు ఒట్టి సెల్లులే దాదాపు కిలోన్నర బరువు తూగుతాయి. అరచేతిలో ఇమిడే బ్యాటరీలో అది సాధ్యం కాదని మీరే చూసి చెప్పవచ్చు.

వెయ్యి న్యూటన్ మీటర్ల మాట కూడా ఇలాగే తేలిపోతుంది. బాధ్యతగా అంకెలు ప్రకటించే కంపెనీల మిషన్లతో పోల్చి చూడండి. మకిటా వారి డీటీడబ్ల్యూ 190 మోడల్‌కు 190, డీటీడబ్ల్యూ 300 మోడల్‌కు 330 న్యూటన్ మీటర్లు అని ఆ కంపెనీ ప్రకటించింది. బాష్ వారి జీడీఎస్ 18వీ-400 మోడల్‌కు 400. మకిటాలోనే నిజంగా వెయ్యి న్యూటన్ మీటర్లు ఇచ్చే డీటీడబ్ల్యూ 1002 అనే మిషన్ ఉంది. బ్యాటరీతో కలిపి అది మూడు కిలోలు దాటుతుంది, ధర మీ బడ్జెట్‌కు చాలా దూరం. కిలోన్నర బరువుతో, మూడు వేల రూపాయలకు అదే బలం వస్తుందంటే నమ్మడానికి ఆధారం లేదు. దీంతో పాటు మరో తేడాను గమనించాలి. కొన్ని కంపెనీలు బిగించే బలం, బిగిసిన నట్టును విప్పే బలం అని రెండు అంకెలు ఇస్తాయి, రెండోది ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది. ఒక కంపెనీ మొదటి అంకెను ఇంకో కంపెనీ రెండో అంకెతో పోల్చితే లెక్క తప్పుతుంది కనుక, ఏ అంకెను చూస్తున్నారో తెలుసుకుని పోల్చండి.

అన్నిటికన్నా ముఖ్యం బ్యాటరీ, ఎందుకంటే ఇంపాక్ట్ రెంచ్ పని చేసే తీరు అలాంటిది. లోపల ఒక బరువైన సుత్తి తిరుగుతూ ఉంటుంది. నట్టు అడ్డుపడగానే అది స్ప్రింగును వెనక్కి తోసి, మళ్లీ ముందుకు దూకి, సాకెట్ తగిలించే మొన మీద దెబ్బ వేస్తుంది. ఇలా నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు పడతాయి. బలం దెబ్బల రూపంలో పడుతుంది కాబట్టే మన మణికట్టు మెలిపడదు, కానీ ఆ దెబ్బల కోసం మోటారు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. సెల్లులు నాసిరకమైతే ఆ క్షణంలో వోల్టేజి పడిపోయి, కాగితం మీద 300 ఉన్న మిషన్ చేతిలో 150 లాగా ప్రవర్తిస్తుంది. అందువల్ల చార్జి నిలవను చెప్పే కొలతలో 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు ఇచ్చే సెట్టు కన్నా, నిజమైన 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి ఇచ్చే సెట్టునే నేను ఎంచుకుంటాను.

ఆ బ్యాటరీ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి తూకం బాగా పనికొస్తుంది. సాధారణంగా వాడే 18650 అనే సైజు సెల్ ఒక్కొక్కటి దాదాపు 45 గ్రాములు ఉంటుంది. ఇలాంటి సెల్లులతో 4 ఆంపియర్ అవర్ కావాలంటే పది సెల్లులు అవసరం, పైన డబ్బా, లోపల సర్క్యూట్ బోర్డు బరువు అదనం, కాబట్టి బ్యాటరీ అరకిలోకు తగ్గదు. 6 ఆంపియర్ అవర్ అని రాసి ఉన్న బ్యాటరీ మూడు వందల గ్రాములే తూగితే లోపల ఐదు సెల్లులు మాత్రమే ఉన్నాయని అర్థం. కిరాణా దుకాణంలోని కాటా మీద పెట్టినా ఈ సంగతి బయటపడుతుంది, కొనే ముందు తప్పకుండా చూడండి. మన దేశంలో ఇలాంటి లిథియం బ్యాటరీలకు భారత ప్రమాణాల సంస్థ వద్ద ఐఎస్ 16046 ప్రమాణం కింద నమోదు తప్పనిసరి. ఆ సంస్థ గుర్తు, నమోదు సంఖ్య బ్యాటరీ మీద ముద్రించి ఉన్నాయో లేదో కూడా చూడాలి.

మా బావగారు కొన్న పేరు లేని సెట్టు మొదట్లో వీల్ నట్లను బాగానే విప్పింది. వేసవిలో చార్జర్ పాడైంది. ఆ బ్యాటరీకి సరిపోయే చార్జర్ వరంగల్‌లో గానీ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ దొరకలేదు, అమ్మిన ఆన్‌లైన్ దుకాణం అప్పటికే కనిపించకుండా పోయింది. మిషన్ బాగానే ఉన్నా మూలన పెట్టవలసి వచ్చింది. అందుకే మోడల్‌ను ఎంచుకునే ముందు ఆ కంపెనీ బ్యాటరీ, చార్జర్ విడిగా దొరుకుతాయా, సర్వీస్ సెంటర్ హనుమకొండలో ఉందా లేక హైదరాబాద్ పంపాలా అన్నది ఆటోనగర్ వైపు ఉన్న టూల్స్ దుకాణాల్లో అడిగి తెలుసుకోండి. ఇంట్లో ఇప్పటికే డ్రిల్ మిషన్ ఉండి దాని బ్యాటరీ 18 లేదా 20 వోల్టులదైతే, అదే కంపెనీ ఇంపాక్ట్ రెంచ్‌ను బ్యాటరీ లేకుండా కొనుక్కోవడం అన్నిటికన్నా చవకైన మార్గం.

బ్రష్‌లెస్ మోటారుకు, అంటే అరిగే కార్బన్ బ్రష్‌లు లేని మోటారుకు, కొంచెం ఎక్కువ పెట్టగలిగితే పెట్టండి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అయితే నెలకో రెండు నెలలకో ఒకసారి వాడే ఇంటి పనికి కార్బన్ బ్రష్‌ల మోటారు కూడా సరిపోతుంది, బ్రష్‌లు విడిగా దొరికితే చాలు. స్క్రూల కోసం చేసిన ఇంపాక్ట్ డ్రైవర్‌కు అడాప్టర్ తగిలించి వీల్ నట్లు విప్పమని సలహా ఇచ్చేవారున్నారు. ఆ సన్నని అడాప్టర్ విరిగే ప్రమాదం ఉంది, ఆ దారి వద్దు.

సాకెట్ల విషయంలో మాత్రం పొదుపు చూడవద్దని గట్టిగా చెబుతాను. చేతి పానాల సెట్టులో వచ్చే మెరిసే క్రోమ్ సాకెట్లు నిదానంగా పడే బలానికి చేసినవి. ఇంపాక్ట్ దెబ్బలకు అవి పగిలి ముక్కలు ఎగిరితే కంటికి తగులుతాయి. నల్లగా ఉండే క్రోమ్ మాలిబ్డినమ్ ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. మారుతి కార్ల వీల్ నట్లకు సాధారణంగా 19 మిల్లీమీటర్లు, హ్యుండాయ్, టయోటా కార్లకు 21 మిల్లీమీటర్ల సాకెట్ పడుతుంది. అలాయ్ వీల్స్ ఉంటే గోడ పలుచగా ఉండి పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న సాకెట్ తీసుకోండి, లేకపోతే నట్టు చుట్టూ గీతలు పడతాయి. పొడవు కోసం ఎక్స్‌టెన్షన్ రాడ్లు ఒకదానికొకటి తగిలిస్తే ప్రతి అతుకు దగ్గరా దెబ్బ బలం కొంత పోతుంది కాబట్టి లోతైన సాకెట్ ఒకటి నేరుగా తగిలించడం మంచిది.

ఈ మిషన్ విప్పడానికి మాత్రమేనని, బిగించడానికి కాదని నేను పట్టుదలగా చెబుతాను. ఏ షాపులోనైనా గన్నుతో బిగించి పంపుతుండగా చూసి చూసి మనకూ అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. కానీ కొలత లేని దెబ్బలతో బిగించినప్పుడు నట్టు ఎక్కే స్టడ్ సాగుతుంది, మర చెడుతుంది, బ్రేక్ డిస్కు మీద ఒత్తిడి అన్ని వైపులా ఒకేలా పడదు. పైగా అలా బిగిసిన నట్టును రేపు పస్రా దాటి తాడ్వాయి వెళ్లే అడవి దారిలో రాత్రిపూట పంచరైతే, మీరు గానీ మీ ఇంటి ఆడవాళ్లు గానీ కారులో ఉన్న పానాతో విప్పలేరు. అందుకని నట్లన్నిటినీ మొదట చేత్తో తిప్పి మర సరిగా ఎక్కిందని చూసుకోండి. తర్వాత చిన్న పానాతో ఎదురెదురు నట్లను మార్చి మార్చి కూర్చోబెట్టి, జాకీ దించి, చివరగా టార్క్ రెంచ్‌తో పుస్తకంలోని కొలతకు బిగించండి. మరల మీద గ్రీజు గానీ నూనె గానీ రాయవద్దు, ఎందుకంటే ఆ కొలతలు పొడి మరలకు ఇచ్చినవి. యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగిన తర్వాత మరొక్కసారి టార్క్ రెంచ్ పెట్టి చూడండి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, స్పార్క్ ప్లగ్గులు, అల్యూమినియంలోకి వెళ్లే చిన్న బోల్టుల దగ్గరికి ఇంపాక్ట్ రెంచ్‌ను అసలు తీసుకురాకూడదు. వాటి కొలతలు వీల్ నట్టు కొలతలో సగం కూడా ఉండవు, మర పోతే ఖర్చు మిషన్ ధరను మించుతుంది. చక్రం విప్పి కారు కింద చేయి పెట్టే పని ఏదైనా జాకీ మీద ఆధారపడి చేయకండి, ఎత్తిన కారు బరువును మోసే రెండు జాక్ స్టాండ్లు కొనండి.

మీ పది వేలను నేనైతే ఇలా పంచుతాను. దాదాపు ఆరేడు వేలు పేరున్న మధ్యస్థాయి కంపెనీ 20 వోల్టుల సెట్టుకు, రెండు వేల చిల్లర హాఫ్ ఇంచ్ టార్క్ రెంచ్‌కు, మిగిలినది రెండు మూడు ఇంపాక్ట్ సాకెట్లకు. జాక్ స్టాండ్లు ఇప్పటికే లేకపోతే మిషన్ కొనడాన్ని ఒక నెల వాయిదా వేసి ముందుగా అవి తెచ్చుకోండి. ఈలోపు మొండి నట్లకు సాకెట్ తగిలించే రెండడుగుల పొడవైన కడ్డీ, అంటే బ్రేకర్ బార్ సరిపోతుంది. పొడవు రెట్టింపు కనుక పైన చెప్పిన అరవై కిలోల బరువే 350 న్యూటన్ మీటర్ల బలంగా పడుతుంది, దానికి చార్జింగ్ అవసరం లేదు.

ఇక డిక్కీలో ఉంచుకోవచ్చా అన్న ప్రశ్న. దసరా నుంచి శివరాత్రి దాకా ప్రయాణానికి తీసుకెళ్లి ఇంటికి రాగానే దించుకుంటే ఇబ్బంది లేదు. మార్చి తర్వాత మాత్రం బ్యాటరీని కారులో వదలవద్దు. వరంగల్, రామగుండం వైపు మే నెలలో బయటే 45 డిగ్రీల దాకా పోతుంది, ఎండలో ఆపిన కారు లోపల వేడి దానికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. లిథియం సెల్లులను చార్జి చేయడానికి 45 డిగ్రీలే సాధారణంగా పై హద్దు, ఆ వేడిలో నిలవ ఉంచినా వాటి ఆయుష్షు త్వరగా తగ్గుతుంది. వాడిన వెంటనే వేడి మీద చార్జింగ్ పెట్టకుండా చల్లారనిచ్చి, వేసవిలో తెల్లవారుజామున గానీ రాత్రి గానీ చార్జి చేయండి. నెలల తరబడి పని లేకపోతే సగం చార్జితో ఇంట్లో చల్లని చోట పెట్టండి. డిక్కీలో స్టెప్నీ పక్కన శాశ్వతంగా ఉంచవలసినవి బ్రేకర్ బార్, 19 మిల్లీమీటర్ల సాకెట్, చక్రానికి అడ్డుపెట్టే రెండు చెక్క దిమ్మెలు.