ఫిలిప్పీన్స్ మహిళల యాత్రారచనల్లో వలసపాలన, స్త్రీవాదం ఎలా కనిపిస్తాయి?

ఎవరు ఎవర్ని చూస్తున్నారన్నదే ఇక్కడ అసలు సంగతి. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు అప్పట్లో అమెరికా వలసగా ఉన్న ఫిలిప్పీన్స్ నుంచి ఇగొరొట్ గిరిజనులను తీసుకెళ్లి, అమెరికా జనం వింతగా చూడ్డానికి పెట్టారు. అదే ఫిలిప్పీన్స్ ఆడమనిషి కలం పట్టుకుని పరాయి ఊళ్లను చూస్తే పాత దొరల యాత్రారచన తలకిందులవుతుంది.

ఫిలిప్పీన్స్ రచయిత్రి క్రిస్టినా పాంటోహా హిడాల్గోనే తీసుకోండి. భర్త యునిసెఫ్ ఉద్యోగం వల్ల బ్యాంకాక్, బీరూట్, సియోల్‌లలో కాపురముండి, 1984లో 'సోజర్న్స్' అనే యాత్రారచనల పుస్తకం తెచ్చారు. కొత్త నేలను జయించే మగ సాహసికుడి ధోరణి కాదిది; కాపురం చేస్తూ ఊరిని తెలుసుకోవడం. అలాగని ఇది అందరి కథా కాదు, చదువుకున్న మధ్యతరగతి చూపు. హాంకాంగ్‌లో ఇంటిపనికి వెళ్లిన వేలాది ఫిలిప్పీన్స్ ఆడవాళ్లదీ ప్రయాణమే. వాళ్లను వదిలేసి స్త్రీవాదం మాట్లాడితే సగమే చదివినట్టు.