ఫ్లాటు కొంటే పాప నా దగ్గరే ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు స్కూలులో టీచరుని, నెలకు రూ.32,000 చేతికి వస్తాయి. ఆయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జీతం రూ.1.40 లక్షలు. విడాకులకు వెళ్తున్నాం. ఎనిమిదేళ్ల పాప నా దగ్గరే ఉంది. సొంత ఇల్లు లేకపోతే కోర్టు పిల్లను తండ్రికే ఇస్తుందని బంధువులు భయపెడుతున్నారు. నా రూ.6 లక్షల ఎఫ్‌డీ తీసి, మిగతాది అప్పు చేసి రూ.35 లక్షల ఫ్లాటు కొనమంటారా? లేక ఎఫ్‌డీని అన్నయ్య పేరుకు మార్చి, చేతిలో ఏమీ లేదని చూపించమంటారా?

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఫ్లాటు లెక్క చూడండి. రూ.29 లక్షల అప్పుకు 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల వాయిదా దాదాపు రూ.26,000. మిగిలే ఆరు వేలలోనే బియ్యం, పాలు, ఆటో, పాప ఫీజు. రిజిస్ట్రేషను ఖర్చు వేరే. మీ జీతానికి అంత అప్పిచ్చే బ్యాంకు దొరకడం కష్టం, దొరికితే ఇంకా ప్రమాదం.

ఇక కోర్టు సంగతి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిడ్డ క్షేమమని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. అయిదేళ్లు నిండని పిల్లలు సాధారణంగా తల్లి దగ్గర ఉండాలన్న నియమాన్ని మీ పాప వయసు దాటిపోయింది కాబట్టి ఇద్దరి పరిస్థితినీ తూచి చూస్తారు. అమెరికాలో ఉన్న ఒక తెలుగు జంట పిల్లల కేసులో 2019లో సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పరిణతి, మానసిక స్థిమితం, నడవడిక, చదువు చెప్పించే వీలు, బిడ్డతో అనుబంధం వంటి వాటి సరసన ఆర్థిక స్తోమతను కూడా ఒకటిగా చేర్చింది. ఒకటిగా మాత్రమే. హోంవర్కు దగ్గర కూర్చునేదెవరు, జ్వరమొస్తే సెలవు పెట్టేదెవరు అన్న ప్రశ్నల ముందు ఫ్లాటు దస్తావేజు తేలిపోతుంది. జడ్జి పాపతో విడిగా మాట్లాడవచ్చు. ఆ మాటకు విలువ ఉంటుంది కానీ దానితోనే తేల్చరు.

బంధువులు మరిచిపోయిన విషయం ఇంకొకటుంది. ఆయన జీతం పెద్దదైతే అది మీకు నష్టం కాదు. పాప మీ దగ్గరుంటే ఆమె పోషణ, చదువుల ఖర్చులో ఆయన వాటా ఆ జీతాన్ని బట్టే తేలుతుంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కేసు నడుస్తుండగానే అడగవచ్చు. రజనీష్ - నేహా కేసులో 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క. అదే తీర్పు ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెల ఖర్చులు ప్రమాణపత్రంలో చూపాలంది. ఎఫ్‌డీ అన్నయ్య పేరుకు వెళితే అక్కడే దొరికిపోతారు. ఆరు లక్షలు దాచబోయి కోర్టు నమ్మకం పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

ఆ ఆరు లక్షలు మీ పేరిటే ఉండనివ్వండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచి, మిగిలినది లక్ష చొప్పున విడివిడి ఎఫ్‌డీలుగా వేయండి. వకీలు ఫీజుకు ఒకటి విరిచినా మిగతావాటి వడ్డీ చెడదు. ఇల్లు మారాల్సి వస్తే అద్దె కాస్త ఎక్కువైనా పాప స్కూలుకు దగ్గరలోనే చూడండి. ఫీజు రసీదులు, మందుల బిల్లులు ఒక ఫైలులో పెట్టండి. ఖర్చు ఎంతని కోర్టు అడిగితే నోటి లెక్క చెల్లదు.

ఇప్పుడు మీరూ పాపా ఆయన కంపెనీ ఆరోగ్య బీమాలో ఉండి ఉంటారు. విడాకులయ్యాక మీకు అది ఉండదు. మీకూ పాపకూ సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా బీమా వర్తించని నిరీక్షణ గడువు ఉండవచ్చు, ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మేలు.

రాజీ మాటలు నడిస్తే నేను గట్టిగా పట్టుబట్టమనేది ఒక్కటే. ఆయన ఉన్నంతకాలమే నెలనెలా డబ్బు వస్తుంది. కాబట్టి 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, పాపే లబ్ధిదారుగా, ఆయన ఒక టర్మ్ పాలసీ (గడువులోగా ఆయన పోతే డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకోవాలని ఒప్పందంలో రాయించండి. అలా తీసుకున్న పాలసీ సొమ్ము పాప పేరిట ట్రస్టు అవుతుంది. ఆయన అప్పులవాళ్లు సాధారణంగా దాన్ని ముట్టుకోలేరు, తర్వాత ఆయన మనసు మార్చుకున్నా లబ్ధిదారు పేరు తన ఇష్టం వచ్చినట్టు మార్చలేరు. ప్రీమియం కట్టిన రసీదు ఏటా మీకు పంపాలన్న వాక్యం కూడా వకీలు చేత చేర్పించండి.