.22 రైఫిల్‌కు, పిస్టల్‌కు ఒకే సప్రెసర్ సరిపోతుందా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో స్థిరపడిన అమెరికా పౌరులం. నా దగ్గర .22 ఎల్‌ఆర్ రైఫిల్, పిస్టల్ ఉన్నాయి. రెండింటికీ కలిపి ఒక సప్రెసర్ (బ్యారెల్ కొసకు బిగించే, చప్పుడు తగ్గించే గొట్టం) కొనాలంటే ఏమి చూడాలి? (ఒక పాఠకుడు)

జవాబు: రెండు బ్యారెళ్ల కొసలకూ ఒకే కొలత మర (స్క్రూ చుట్లు) ఉంటే ఒకటి చాలు, అమెరికాలో ఇది సాధారణంగా అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని పూర్తిగా విడదీసి శుభ్రం చేసుకునే వీలుండటం. .22 ఎల్‌ఆర్ వంటి రిమ్‌ఫైర్ తూటాల బులెట్లు ఎక్కువగా పైపూత లేని సీసంవి, లేదా పలుచని రాగి పూత ఉన్నవి కావడంతో, సీసం, మసి లోపలి బ్యాఫిళ్లకు (అడ్డుపలకలకు) గట్టిగా పట్టుకుంటాయి. శుభ్రం చేసేటప్పుడు చేతితొడుగులు తప్పనిసరి. వంటగది సింకు వద్ద, పిల్లల దగ్గర ఆ పని చేయవద్దని గట్టిగా కోరుతున్నాను. బ్యాఫిళ్లకు స్టీలు లేదా టైటానియం మన్నుతుంది. అల్యూమినియం తేలికైనా ఘాటైన ద్రావణాలకు తట్టుకోదు. పిస్టల్ తూకం చెడకుండా ఉండాలంటే బరువు తక్కువగా ఉండాలి.

ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. దాన్ని దాటిన బులెట్ చేసే చప్పుడును ఏ సప్రెసరూ ఆపలేదు కనుక, రైఫిల్‌లో సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా వెళ్లే) తూటాలు వాడండి. 2026 జనవరి 1 నుంచి సప్రెసర్‌పై 200 డాలర్ల కేంద్ర పన్ను సున్నా అయింది, అయితే 1934 నాటి చట్టం ప్రకారం ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలను అమలుచేసే కేంద్ర సంస్థ) అనుమతి, నమోదు మాత్రం ఇప్పటికీ తప్పనిసరి.