గుల్ల చూసి పీతని పోల్చకు

బరంపురం

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. అద్దాల తొట్టి బాగుంది, గట్టి బల్ల మీద పెట్టారు, కిటికీ ఎండ పడని గోడవారగా పెట్టారు. అంతవరకూ సంతోషం. "మెలికల తెల్ల గుల్లలో ఉన్నది ఏ రకం పీత మావయ్యా?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

ఆ గుల్ల దానిది కాదమ్మా. ఏదో నత్త కట్టుకున్న ఇల్లది. నత్త పోయాక ఈ పీత దూరింది. వచ్చే నెల ఇంకో గుల్లలోకి మారిపోతుంది. అందుకే గుల్ల రంగు, గుల్ల ఆకారం చూసి పీతని పోల్చకూడదు. ఇవాళ ఆ గుల్లలో ఉన్నది ఒక రకమైతే, రేపు అందులోనే వేరే రకం కాపురం పెట్టొచ్చు. చూడాల్సింది కాళ్లు, కళ్ల కాడలు, మీసాలు.

పుస్తకాల్లో సన్యాసి పీత అంటారు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ గుల్లపీతే. గోపాల్‌పూర్‌ ఒడ్డున మా నాన్న వాళ్లు పెద్దవల లాగినప్పుడు, చేపలు ఏరుకోగా మిగిలిన చెత్తలో ఇవి పదుల సంఖ్యలో కనిపించేవి. పిల్లలం వాటిని అరచేతిలో పెట్టుకుని, కదలకుండా ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. కాసేపటికి ముందు మీసాలు, తరవాత కళ్లు, ఆ తరవాత కాళ్లు బయటికొచ్చేవి. నువ్వూ అలాగే చెయ్యి. తడి చేత్తో గుల్లని పట్టుకుని, మూతి పైకి వచ్చేలా తొట్టి నీళ్ల మీద ఒక నిమిషం ఉంచు. తిరగబడి నిలబడడానికి అదే బయటికొస్తుంది. అప్పుడు చూసుకో.

పటకారుల్లాంటి ముందు కాళ్లు రెండిట్లో ఏది పెద్దది? కుడిది పెద్దదైతే పాగురస్ కుటుంబం. ఎడమది పెద్దదైనా, రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నా డయోజెనిస్ కుటుంబం. మన వైపు ఎక్కువగా దొరికేవి ఈ రెండో కుటుంబానివే. అందులోనే మళ్లీ తేడాలున్నాయి. రెండు పటకారులూ సమానంగా ఉండి, నడిచే కాళ్ల మీద నిలువు చారలుంటే క్లిబనేరియస్. ఏటి మొగల దగ్గర బురదలో, మడచెట్ల వేళ్ల మధ్య తిరిగేది అదే. ఎడమ పటకారు బాగా పెద్దదై, మీసాలు ఈకల్లా నూగుతో ఉంటే డయోజెనిస్. ఆ మీసాలతోనే నీళ్లలో కొట్టుకొచ్చే నలుసుల్ని జల్లించుకు తింటుంది. పూర్వం గ్రీసు దేశంలో ఒక తత్త్వవేత్త పెద్ద కుండలో కాపురం ఉన్నాడట, ఆయన పేరే దీనికి పెట్టారు. ఒళ్లు పెద్దది, కాళ్ల నిండా బొచ్చు, కొన్నిసార్లు గుల్ల మీద సముద్రపు పువ్వుల్ని (పువ్వులా కనిపించే జీవాలు, సీ ఎనిమోన్లు) కూడా మోసుకు తిరుగుతుంటే డార్డనస్. దాన్ని తొట్టిలో పెట్టకు. చేపనీ, నత్తనీ, తోటి పీతనీ దేన్నీ వదలదు.

నీ రెండో ఫొటోలో ఉన్నది నాకు స్పష్టంగానే కనిపించింది. పటకారులు సమానం, కాళ్ల మీద చారలు. క్లిబనేరియసే. శాంతంగా ఉంటుంది, పాచి తింటుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అదే మంచిది. షాపుల్లో అప్పుడప్పుడూ ఎర్ర కాళ్లవీ నీలి కాళ్లవీ దిగుమతి చేసి అమ్ముతారు. ఎర్ర కాళ్లు, పసుపు రంగు మొహం ఉన్నది పాగురిస్టెస్, అది అట్లాంటిక్ పీత. మెతక స్వభావం. చిన్న నీలి కాళ్లది కరీబియన్ సముద్రానిది, నత్తల మీద కాస్త దూకుడు చూపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఓ షాపువాడు "సముద్రపు కంకడా" (ఒడియాలో పీత) అని చెప్పి నాకు రెండు అమ్మాడు. తెల్లారేసరికి రెండూ చచ్చిపోయాయి. అవి నేల మీద బతికే జాతి, సీనోబిటా. వాటి మొప్పలు తడిగాలికి అలవాటు పడ్డవి, నీళ్లలో ముంచేస్తే ఊపిరాడదు. కళ్ల కాడలు గుండ్రంగా కాకుండా పక్కలకి నొక్కినట్టు చదునుగా ఉండి, లోపలి మీసాలు మోచేతిలా వంగి ఉంటే అది నేల పీతే. కొనకు.

ఇక నీళ్లు. హుమ్మా ఊరి ఉప్పుమళ్ల ఉప్పు కలిపితే చాలదా, మన ఊరి ఉప్పే కదా అన్నావు. చాలదమ్మా. మళ్లలో నీరు ఎండుతుంటే సున్నం, జిప్సం ముందే అడుక్కి దిగిపోతాయి. తరవాత ఉప్పు గడ్డ కడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదు నీళ్లలో ఉండిపోతుంది, ఆ నీళ్లని వేరు చేసేస్తారు. మనం వంటలో వేసుకునేది దాదాపు ఒట్టి సోడియం క్లోరైడే. పీతకి పైపెంకు కట్టుకోవాలంటే కాల్షియం కావాలి, మెగ్నీషియం కావాలి. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమమే తెచ్చుకో. లీటరు ఆర్వో నీటికి సుమారు 35 గ్రాములు, అంటే మీ 100 లీటర్ల తొట్టికి మూడున్నర కిలోలు. కొలత కంటితో వెయ్యకు. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్ కొను, సాంద్రత 1.025 దగ్గర నిలబెట్టు. గోపాల్‌పూర్ నుంచి డబ్బాల్లో సముద్రం నీళ్లే తెచ్చుకుందాం అనిపిస్తుంది నీకు. వానాకాలంలో నదుల నీరు కలిసి మన ఒడ్డు నీటిలో ఉప్పు బాగా తగ్గిపోతుంది, బురద కూడా ఎక్కువ. నేనైతే తేను.

తొట్టిలో నీరు ఆవిరై తగ్గితే మంచినీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. నీరు పోతుంది గానీ ఉప్పు పోదు.

కలిపేది ప్లాస్టిక్ బకెట్లోనే. ఇది మాత్రం గుండెల మీద రాసుకో. మొదటి ఏడాది ఇంట్లో పెద్ద పాత్ర లేక మా అమ్మ ఇత్తడి బిందెలో ఉప్పునీళ్లు కలిపి రాత్రంతా ఉంచాను. పొద్దున తొట్టిలో పోశాను. చేపలు బాగానే ఉన్నాయి. సాయంత్రానికి పీతలు ఒక్కొక్కటీ గుల్ల వదిలి బయటికొచ్చేశాయి. మెత్తటి పొట్ట ఇసుక మీద ఈడ్చుకుంటూ తిరిగాయి. రెండు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఉప్పునీరు ఇత్తడిని తింటుంది, రాగి నీళ్లలోకి దిగుతుంది. చేప ఓర్చుకునేంత రాగి కూడా పీతకి విషం. చేపల తెల్లమచ్చల రోగానికి అమ్మే మందుల్లో చాలావాటిల్లో రాగి ఉంటుంది, సీసా మీద చదవకుండా చుక్క కూడా వెయ్యకు. పీత గుల్ల వదిలి బయట తిరుగుతోందంటే నీళ్లలో ఏదో పెద్ద తప్పు జరిగిందని లెక్క. ఇంకేమీ ఆలోచించకుండా ఆ రోజే నీళ్లు మార్చు.

తొట్టి నింపిన మర్నాడే జీవాల్ని వెయ్యొద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు జీవాలేవీ లేకుండా నీళ్లు తిరగనివ్వు. ఒక చిన్న రొయ్య ముక్క వేసి కుళ్లనివ్వు. దానివల్ల పుట్టే అమ్మోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో పెరగాలి. నీళ్లు పరీక్షిస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే పీత. తెచ్చాక సంచిలోంచి నేరుగా దించకు. సన్నటి గొట్టంతో తొట్టి నీళ్లు చుక్కచుక్కగా గంటా గంటన్నర సేపు కలుపు. వేడి 24 నుంచి 27 డిగ్రీలుంటే మంచిది. మన ఏప్రిల్, మే నెలల్లో కష్టమే, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పు. రాళ్ల కోసం పగడపు రాయి మాత్రం ఎవరిచ్చినా తీసుకోకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలూ, కొన్ని రకాల శంఖాలూ రక్షణలో ఉన్నాయి. సిరామిక్ రాళ్లు చాలు.

ఇప్పుడు అసలు సంగతి, గుల్లలు. పీతకి ముందు భాగమే గట్టిది, పొట్ట పూర్తిగా మెత్తన. కుడివైపుకి మెలిక తిరిగి ఉంటుంది. చివరనున్న చిన్న కొక్కేలతో గుల్ల లోపలి స్తంభాన్ని పట్టుకుంటుంది. ఒళ్లు పెరిగే కొద్దీ పెద్ద ఇల్లు కావాలి. దొరక్కపోతే నత్తని చంపి తీసుకుంటుంది, లేదా పక్క పీతని కొట్టి ఖాళీ చేయిస్తుంది. "పీత రౌడీది" అంటారు జనం. ఇల్లు లేకపోతే అది మాత్రం ఏం చేస్తుంది? ఒక్కో పీతకి కనీసం మూడు ఖాళీ గుల్లలు వెయ్యి, ఇప్పుడున్న దానికన్నా మూతి కాస్త పెద్దవి, రకరకాలవి. గోపాల్‌పూర్ బీచ్ దగ్గర అమ్మే మెరిసే గుల్లలు వద్దు, వాటికి వార్నిషూ రంగూ ఉంటాయి. చేపల మార్కెట్లో తినే నత్తల గుల్లలు అడిగి తెచ్చి, మరగబెట్టి, పుల్లతో లోపల శుభ్రం చేసి వాడు. ఒడ్డున ఏరేటప్పుడు అన్నీ ఊడ్చెయ్యకు, సముద్రంలో పీతలకీ ఇళ్లు కావాలి. తాబేళ్లు ఋషికుల్య మొగ దగ్గర గుడ్లు పెట్టే నెలల్లో ఆ ఇసుక వైపే వెళ్లకు.

ఓ రాత్రి దీపం తగ్గించి తొట్టి ముందు కూర్చో. కొత్త గుల్ల దగ్గరికి పీత వస్తుంది. ముందు మీసాలతో తడుముతుంది. పటకారుతో మూతి అంచంతా చుట్టూ కొలుస్తుంది, మొత్తం కాలు లోపలికి పెట్టి చూస్తుంది, దొర్లించి ఇసుక రాల్చేస్తుంది. ఇదంతా పావుగంట పడుతుంది. మారడం మాత్రం రెప్పపాటే. పాత గుల్లలోంచి మెలిక తిరిగిన ఆ లేత పొట్ట ఒక్కసారి తెల్లగా మెరిసి కొత్తదాంట్లోకి జారిపోతుంది. నచ్చకపోతే వెనక్కి పాతదాంట్లోకే వెళ్తుంది. ఇన్నేళ్లయినా అది చూస్తుంటే నేను అన్నానికి లేవను.

కొన్నాళ్లకి తొట్టి అడుగున పీత చచ్చి పడినట్టు కనిపిస్తుంది, మీవాడు ఏడుస్తాడు. తీసి వాసన చూడు. కుళ్లు కంపు లేకుండా, లోపల డొల్లగా ఉంటే అది విడిచిన పెంకు. పీత ఏ రాతి సందులోనో మెత్తగా దాక్కుని ఉంటుంది. కదపకండి, వెతక్కండి. ఆ పెంకుని కూడా అక్కడే వదిలెయ్యి, తరవాత తనే తింటుంది.

తిండి సంగతి పెద్దగా లేదు. కొత్త తొట్టిలో పాచి ఉండదు కాబట్టి వారానికి రెండు మూడుసార్లు ఎండు సముద్రపు నాచు, పెసరగింజంత రొయ్య ముక్క. మిగిలింది గంటలో తీసెయ్యి.

కరెంటు గురించి ఇప్పుడే ఏర్పాటు చేసుకో. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధికి కరెంటు రావడానికి పది రోజులు పైనే పట్టింది. నేనూ మీ అత్తా వంతులు వేసుకుని చెంబుతో నీళ్లు తీసి ఎత్తునుంచి పోస్తూ కూర్చున్నాం, గాలి కలవాలని. చేపలు మూడో రోజుకే పోయాయి. పీతలు నాలుగు మిగిలాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి కొని, సెల్స్‌తో సహా తొట్టి కిందే పెట్టుకో. తుఫాను కబురు వచ్చిన రోజున షాపులో దొరకదు.

మూడో ఫొటోలోది నాకు తేలలేదు, కాళ్లు లోపలికి ముడుచుకుంది. పైన చెప్పినట్టు తిరగేసి, ముందు కాళ్లు రెండూ కనిపించేలా ఇంకో ఫొటో పంపు. డార్డనస్ అయితే విడిగా పెట్టాలి. అంతవరకూ రాత్రిళ్లు ఆ ఒక్కదాన్ని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అదే తొట్టిలో వేలాడదియ్యి. నా దగ్గర మరగబెట్టిన గుల్లలు ఓ డబ్బా నిండా ఉన్నాయి, ఆదివారం ఛత్రపురం వచ్చేవాళ్లెవరి చేతనైనా పంపిస్తాను.

మీ
మావయ్య