వార్నింగ్ కనపడకుండా చేస్తే చాలా?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. పీహెచ్‌పీలో షాపింగ్ కార్ట్ ప్రాజెక్టు చేశాను. అంతా పనిచేస్తోంది గానీ, పేజీ పైన 'అన్‌డిఫైన్డ్ వేరియబుల్' అని వార్నింగ్‌లు వరసగా వస్తున్నాయి. ఎర్రర్ రిపోర్టింగ్ సున్నా చేస్తే పోతాయని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇంటర్వ్యూలో చూపించాల్సింది ఈ ప్రాజెక్టే. ఏం చేయమంటారు?

జవాబు: పోతాయి, నిజమే. కాకపోతే మీ కోడ్ తెరిచిన వాళ్ల చూపు ముందు ఆ సున్నా మీదే పడుతుంది.

విలువ ఇవ్వని వేరియబుల్‌ను వాడితే పైథాన్ నేమ్ ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతుంది. పీహెచ్‌పీ ఆగదు. దాన్ని నల్ (అంటే 'ఏమీ లేదు') అనుకుని, కూడికలో అయితే సున్నాగా లెక్కేసుకుని ముందుకు పోతుంది. మీ కార్ట్‌నే తీసుకోండి. లూప్‌లో టోటల్‌కి ఒక్కో ధర కలుపుతూ పోయారు, లూప్‌కు ముందు టోటల్ 0 అని మాత్రం రాయలేదు. మొదటి చుట్టులో వార్నింగ్ వస్తుంది, మొత్తం సరిగ్గానే వస్తుంది. అందుకే 'పనిచేస్తోంది' అనిపిస్తుంది. కార్ట్ ఖాళీగా ఉంటే లూప్ ఒక్కసారీ తిరగదు, మొత్తం ఉండాల్సిన చోట ఏమీ కనపడదు. స్పెల్లింగ్ తప్పయితే ఇంకా ఘోరం. డిస్కౌంట్ అనే పేరులో ఒక అక్షరం ఎగిరిపోయిందనుకోండి, బిల్లులోంచి సున్నా తీసేసి ఊరుకుంటుంది. ఆ తప్పును పట్టిస్తున్నది ఈ వార్నింగే. దాని నోరే నొక్కేస్తానంటున్నారు మీరు!

ప్రతి వార్నింగ్‌లో లైన్ నంబరు ఉంటుంది. అక్కడికెళ్లి ఒక్కటే చూడండి: ఇక్కడ విలువ లేకపోవడం మామూలేనా, పొరపాటా? ఫారంలో నింపకపోయినా పర్లేదన్న గడి అయితే ?? (విలువ లేకపోతే బదులు ఇది వాడు అని చెప్పే గుర్తు) పెట్టి డిఫాల్ట్ విలువ ఇవ్వండి. మీ సొంత లెక్క అయితే ముందే విలువ ఇచ్చి మొదలుపెట్టండి. అన్నిచోట్లా ?? తగిలించేయకండి, అదీ నోరు నొక్కడమే, కాస్త మర్యాదగా.

ఉద్యోగం సంగతికొస్తే, ఈ 'అన్‌డిఫైన్డ్ వేరియబుల్' మెసేజ్ 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8కు ముందు వట్టి నోటీస్ (వార్నింగ్ కన్నా చిన్న హెచ్చరిక), ఆ వెర్షన్ నుంచే వార్నింగ్ అయింది. పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పని మీ చేతికొస్తే లాగ్ (ఎర్రర్లు రాసిపెట్టే ఫైలు) నిండా ఇవే ఉంటాయి. కాబట్టి సరిచేసిన ప్రతిదాన్నీ విడి కమిట్‌గా (గిట్‌లో విడిగా సేవ్ చేసిన మార్పుగా) పెట్టి, కారణం ఒక లైన్‌లో రాయండి. ఇంటర్వ్యూలో అవే తెరిచి చూపించండి. లైవ్ సైట్‌లో వార్నింగ్‌లు ఎలా ఉంచుతారని అడిగితే, యూజర్‌కి కనపడకుండా డిస్‌ప్లే ఆపి, లాగ్‌లోకి పంపిస్తానని చెప్పండి.